గంగాలమ్మ వలల గదిలో పంట

సముద్రం ఇచ్చింది తట్టలో వేసుకుని అమ్ముకోవడమే తప్ప పుట్టి బుద్ధెరిగాక ఒక్క గింజ నాటి ఎరగని మనిషికి, అరవై దాటాక, ఇంట్లో చీకటి గదిలో పంట తీయాలన్న ఆశ ఎక్కడ పుట్టింది? గంగాలమ్మ గుర్తొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న నన్ను పట్టుకుంటుంది. ఆమెను అడిగితే వాడుక ఇళ్ల కోసం, ఎప్పుడూ తన దగ్గరే కొనే ఇళ్ల కోసం అంటుంది. అది అబద్ధం కాదు. కానీ వాడుక ఇళ్లు నిలుపుకోవడానికి మామిడికాయలు కొని తెచ్చి అమ్మినా సరిపోయేది. కొని అమ్మడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. మరి పండించడమే ఎందుకు? ఇలాంటివాటికి పుస్తకాల్లో జవాబుంటుందని నమ్మి చాలా ఏళ్లు చదివాను. దీనికి మాత్రం దొరకలేదు.

గంగాలమ్మది సముద్రం ఒడ్డున జాలారిపేట. తెల్లవారకముందే హార్బరుకు వెళ్లి, వేలంపాటలో చేపలు కొని, నలుగురైదుగురు ఆడవాళ్లతో కలిసి ఆటో ఎక్కి కంచరపాలెం వచ్చేది. మా వీధి మొదట్లో దిగి, చుట్టకుదురు సర్దుకుని, తట్ట నెత్తికెత్తుకుని ఒక కేక వేసేది. ఆ కేకకు మా వీధిలో పిల్లులు గోడలు దిగేవి. మేడ మీద గౌరీశ్వరిగారు మాత్రం కిటికీ మూసుకునేవారు, వాళ్లది శాకాహారం.

చేపలమ్మే ఆడవాళ్ల మధ్య ఒక కట్టుబాటు ఉంది. ఒకరి వాడుక ఇంటి ముందు ఇంకొకరు కేక వెయ్యరు. ఆ ఇళ్లు అత్త చేతినుంచి కోడలి చేతికి వస్తాయి. గంగాలమ్మ కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఆమె అత్త వెంటబెట్టుకుని వీధి వీధీ తిప్పి, గుమ్మం గుమ్మం చూపించి, "ఇది నీది, ఇది నీది" అని అప్పజెప్పిందట. "మా యత్త నాకు బంగారం ఎట్టనేదు టీచరమ్మా, ఇళ్లెట్టింది" అనేది నాతో, రాజ్యం అప్పగించినంత గర్వంగా.

ఆ రాజ్యానికే ముప్పు వచ్చింది. ఏటా ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని మోటారు పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. దాన్ని వేట నిషేధం అంటారు. ఆ రెండు నెలలూ పూర్వం ఎండుచేపలు తెచ్చేది. పెంకుటిళ్లన్నీ అపార్టుమెంట్లయ్యాక వాటి వాసన గిట్టనివాళ్లు ఎక్కువయ్యారు. అయినా నిషేధం అయిపోగానే అందరూ ఆమె కేక కోసమే ఎదురుచూసేవారు. క్రితం ఏడు అలా జరగలేదు. ఆ రెండు నెలల్లో మా వీధి ఫోనులో చేపలు తెప్పించుకోవడం నేర్చుకుంది. ఎక్కడో చెరువుల్లో పెంచిన చేపలు కడిగి, కోసి, పెట్టెలో పెట్టి గుమ్మంలో ఇచ్చిపోతున్నారు. జూన్‌లో గంగాలమ్మ తట్టతో వచ్చినప్పుడు మూడు నాలుగు ఇళ్లవాళ్లు తలుపు సందులోంచి చెయ్యి ఊపి పంపేశారు.

ఆవేళ మా అరుగు మీద కూర్చుని అంది. "నా కోడలు సూర్యకళకి ఇద్దామనుకున్నాను ఈ ఇళ్లు. ఇంకో నిసేదం ఇలగే ఎల్లిపోతే ఇవ్వడానికి నాకు గుమ్మం మిగల్దు. రెండు నెలలు మనిసి అగుపడకపోతే మరిసిపోతారు టీచరమ్మా. నిసేదంలో తట్టలో ఏదో ఒకటి ఉండాల. ఈళ్లు ఫోన్లో దొరకదనుకున్నది ఉండాల."

ఆ ఏదో ఒకటి ఏమిటో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. తరువాతి ఫిబ్రవరిలో తెలిసింది.

ఆ ఉదయం తట్ట దించకుండానే లోపలికి వచ్చేసింది. "కూకోండి టీచరమ్మా, కూకోండి" అని నా ఇంట్లో నన్నే కూర్చోబెట్టింది. కళ్లు మెరుస్తున్నాయి.

"నిన్న గాజువాకలో మా సంగం వోళ్లు మీటింగెట్టారు. ఒకావిడ సీకటి గదిలోకి తీసుకెల్లి సూపించింది. పైనుంచి సంచులు ఏలాడతన్నాయి. సంచుల మీద ఇంతింత లావున, పాలల్లే తెల్లగా, కొక్కులు! ఎండ నేదు, దుక్కి నేదు. లోపలేటుందో తెలుసా? గడ్డి. ఒట్టి ఎండు గడ్డి!"

"పుట్టగొడుగులా?"

"అయ్యే. పాల పుట్టగొడుగులంట. మిగతా రకాలు ఎండకి సచ్చిపోతాయంట, ఇయి ఎండాకాలంలోనే లేత్తాయంట. మన ఉక్కపోత దానికి బాగా పడతాదంట. మనకి పట్టని ఉక్క దానికి పట్టింది సూడండి! నిసేదం నాటికి తట్ట నిండా తెత్తాను."

"మొత్తం నేర్చుకున్నావా మరి?"

"నేర్సేసుకున్నాను. సివరాకర్న ఇంకేటో సెప్తన్నారు గానీ, మద్దేనం మా రేవులో పడవలొచ్చే యేలైపోనాది. లెగిసి వొచ్చీసేను."

ఆ చివరాఖరి మాటల్లో ఏముందో తరువాత తెలిసింది.

విత్తనం పొట్లాలు సంఘంవాళ్లు ఇచ్చారు. జొన్నగింజల మీద తెల్లగా పట్టిన పొరే వాటికి విత్తనం. గడ్డి కావాలి. మా వీధి మలుపులో ఆకుకూరలమ్మే కాశమ్మది కొత్తవలస దగ్గర పల్లె, వరి పండించే ఇల్లు. గంగాలమ్మ నేరుగా ఆమె దగ్గరికి వెళ్లింది. నేనూ తోటకూర వంకతో వెనకే వెళ్లాను.

"కాసమ్మా, మీ ఊర్నించి రెండు మోపులు గడ్డి తేవే."

"గడ్డా? సేపలమ్మే దానివి నీకు గడ్డెందుకే? సొరసేపకి మేతెడతావా?"

"పంట పండిత్తాను."

"పంటా! ఎక్కడ, సముద్రంలోనా?"

"ఇంట్లో. వలల గదిలో."

కాశమ్మ నవ్వితే చేతిలో కట్ట విడిపోయి గోంగూరంతా ఒళ్లో పడింది. "ఓలమ్మో! మా మావ దుక్కి దున్ని, ఊడుపులు ఊడ్సి, వొర్సాలకి దండం ఎట్టి పండించలేంది, ఇది గదిలో తలుపేసుకుని పండిత్తాదంట! సూసారా టీచరమ్మా?"

"నవ్వుకో. గడ్డి తే."

మరునాడే తెచ్చింది. పైకి ఒప్పుకోలేదు గానీ, ఎలా పండిస్తుందో చూడాలన్న దురద కాశమ్మకే ఎక్కువ.

గంగాలమ్మ ఇల్లు రెండు గదులూ, వెనక వలలు దాచుకునే చిన్న గదీ. మొత్తం పైన రేకులే. వలల గదికి కిటికీ లేదు. ఇన్నాళ్లూ అదొక లోటు, ఇప్పుడు అదే వరం. అత్తాకోడళ్లు గడ్డిని బెత్తెడు ముక్కలుగా నరికి, రాత్రంతా నానబెట్టి, రొయ్యలు ఉడకబెట్టే పెద్ద గుండిగలో మరిగించారు. ఆరబోసి, పిండితే నీళ్లు కారనంత తడి ఉండగా, సంచిలో ఒక వరస గడ్డీ ఒక వరస విత్తనమూ కూరి, మూతి కట్టి, వాసానికి వేలాడదీశారు. ఇదంతా నాకు ఫోనులో చెబుతూ ఆమె అరిచిన అరుపులకు నా చెవి గింగురుమంది.

పదిరోజులు పోయాక చూడడానికి నేనే వెళ్లాను. సూర్యకళ తలుపు తీసింది. గంగాలమ్మ గది ముందు నడుముకు చేతులు పెట్టుకుని, తుపాను దాటి ఒడ్డుకు చేరిన మనిషిలా నిలబడింది.

"రచ్చించీసేను టీచరమ్మా! కాసింత ఉంటే మొత్తం పోయేది."

"ఏమైంది?"

"బూజట్టీసింది. తెల్లగా, సంచులన్నీ అల్లుకుపోయింది. ఇంక కుళ్లిపోతాదని రాళ్లుప్పు తెచ్చి సంచి సంచికీ పట్టించీసేను. ఇంక ఎన్నాళ్లున్నా సెడదు."

సంచుల మూతులన్నీ విప్పి ఉన్నాయి. గడ్డి మీద ఉప్పురాళ్లు నిగనిగలాడుతున్నాయి. ఆమె తప్పేముంది? చిన్నప్పటినుంచీ ఇంట్లో ఏది పాడవబోయినా చెయ్యి ముందు ఉప్పు మీదికే వెళ్తుంది. ఒడ్డున పడ్డ చేపను నిలబెట్టేది అదొక్కటే. వాళ్ల తాతల నాటినుంచీ వాళ్లను ఎన్నడూ మోసం చెయ్యనిది.

మీటింగులో ఇచ్చిన రంగుకాగితం గోడకు అంటించి ఉంది. దాన్ని ఎవరూ చదివినట్టు లేదు. నేను చదివాను. ఆవేళ ఆమె వినకుండా లేచివచ్చిన చివరాఖరి మాట అందులో ఉంది. నెమ్మదిగా చెప్పాను. "గంగాలమ్మా, ఆ తెల్లగా అల్లుకున్నదే పంట. దాన్నించే పుట్టగొడుగు లేస్తుంది."

ఆమె సంచి దగ్గరికి వెళ్లింది. వేలితో ఒక ఉప్పురాయి తీసి నాలిక మీద వేసుకుంది, నిజంగా ఉప్పో కాదో చూసుకుంటున్నట్టు.

"అయితే పంటకి ఉప్పెట్టీసినానా?"

"ఎండేసుకుందాం అత్తా" అంది సూర్యకళ, నవ్వు దాచుకోవడానికి ముఖం గోడవైపు తిప్పుకుని.

అప్పుడే కొడుకు ఎల్లాజీ రేవునుంచి వచ్చాడు. విషయం విని గుమ్మంలోనే కూలబడ్డాడు. "జాలారిపేటలో ఎవులైనా సేపల్ని ఉప్పేత్తారు. మా యమ్మ గడ్డిని ఉప్పేసింది. ఉప్పు గడ్డి! తట్టలో ఏసి అమ్ముదాం అమా!"

నవ్వకూడదనుకున్నాను. నవ్వేశాను. నా వెనక కోడలు, ఆ తరువాత గంగాలమ్మ. "మల్లీ గాజువాక ఎల్తాను" అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఈసారి సివరాకరి మాట దాకా కదలను. పడవలొచ్చినా సరే."

ఆమె మళ్లీ వెళ్లి, విత్తనం దొరికి, కాశమ్మ గడ్డి వచ్చి, సంచులు కట్టేసరికి నిషేధం మొదలయ్యే రోజులు వచ్చాయి. పడవలు ఒడ్డెక్కితే వలలు ఇంటికి వస్తాయి. రెండు నెలల్లోనూ చిరుగులు కుట్టుకోవాలి. ఎల్లాజీ వలలు భుజాన వేసుకుని వచ్చేసరికి వాటి గదిలో సంచులున్నాయి.

"అమా, వలలెక్కడెట్టమంటావ్? ఈదిలోనా?"

"పైన నా సంచులు, కింద నీ వలలు."

"నీ గడ్డి నీళ్లు నా వల మీద పడతాయి."

"వలకి నీళ్లు కొత్తా ఏటి?"

ఎల్లాజీ వలలు కింద పడేశాడు. సణుగుతూనే తల్లి కట్టిన ముడులు చూసి, "ఇవి ముడులేనా, సంచి జారిపోతాది" అని అన్నీ విప్పేశాడు. పాత వల తాళ్లు తీసి, సంచికొక ఉట్టి అల్లి, గాలి అన్నివైపులా తగిలేలా వేలాడదీశాడు. చిరుగులు కుట్టుకోవాల్సినవాడు రెండురోజులు ఉట్లే అల్లాడు. మూడోరోజు గుమ్మంలోకి తొంగిచూసిన పక్కింటివాళ్లతో "ముట్టుకోకండి, మా పంట" అన్నాడట. సూర్యకళ ఫోను చేసి చెప్పింది. ఉప్పు డబ్బా కూడా తను దాచేశానని, అడిగితే తప్ప చిటికెడు తియ్యడం లేదని, కూరలు చప్పగా ఉన్నాయని ఇంట్లో గొడవని చెప్పి ఒకటే నవ్వు.

నిషేధం మొదలైన వారానికి గంగాలమ్మ మా వీధికి వచ్చింది. తట్ట లేదు, నెత్తిన చుట్టకుదురు లేదు. అలా ఆమెను ఎప్పుడూ చూడలేదు. ఎవరో వేరే మనిషి అనుకున్నాను. ఒక్క వాడుక గుమ్మం వదలకుండా ఆగింది. మొహం చాటేసిన ఇళ్ల ముందు కూడా ఆగింది.

"ఒక్క నెల ఆగండమ్మా. మీ ఫోనుకి దొరకంది తెత్తాను."

"ఏం తెస్తావ్ గంగాలమ్మా?"

"సెప్పను. మా ఇంట్లో పుడతన్నాది."

మలుపులో కాశమ్మ ఆపింది. "ఓలప్పా, ఈదంతా మాటిచ్చీసావు. మల్లీ పోతే? ఈ ఈదిలో మొకం సూపించగలవా?"

గంగాలమ్మ వీధి పొడుగునా ఒకసారి చూసింది. "పోతే సూపించను" అంది. వేళాకోళానికి అన్న కాశమ్మ ముఖం మారిపోయింది.

సంచులు ఈసారి పూర్తిగా తెల్లబడ్డాయి. గడ్డి కనబడనంత తెలుపు. ఆమె రోజుకు పదిసార్లు తలుపు తీసి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని చూసేదట, చెయ్యి ముందుకు వస్తే ఏం చేస్తుందోనని తనకే భయం. ఆ తరువాత సంచి పైభాగం కోసి, తెలుపు మీద మట్టి పరచాలి. ఆ మట్టి కాశమ్మ వాళ్ల పొలంది. సంచిలో మోసుకుని కాశమ్మే స్వయంగా జాలారిపేట వచ్చింది. నేనూ ఆరోజు అక్కడే ఉన్నాను. గంగాలమ్మ ఆ మట్టిని గుడ్డలో మూటగట్టి, ఇడ్లీలాగ ఆవిరి మీద పెట్టి మూత వేసింది. పురుగూ పుట్రా చావాలని గాజువాకలో చెప్పారట.

కాశమ్మ నోరు తెరిచింది. "మట్టిని వొండుతావేటే! మా మావ సూత్తే గుండాగి పోతాడు."

"ఈసారి సెప్పింది సెప్పినట్టే సేత్తాను. రాళ్లు వొండమన్నా వొండుతాను."

మట్టి పరిచాక రోజూ నీళ్లు చిలకరించాలి. చిలకరించారు. మే నడిచిపోతోంది. నాకు పుస్తకం మీద మనసు నిలిచేది కాదు. చదివిన పేజీనే మళ్లీ చదివేదాన్ని. ఒక ఉదయం ఫోను మోగింది. "వొచ్చీసినాయి!" అని ఒక్కటే మాట, వెనక ఎవరో ఈల వేస్తున్నారు. నేను చెప్పులు వేసుకున్నానో లేదో చూసుకోకుండా ఆటో ఎక్కాను.

గదిలో ఎల్లాజీ సెల్‌ఫోను లైటు పట్టుకున్నాడు. మట్టి మీద, నల్లటి మట్టి మీద, తెల్లటి పూసలు. గుప్పిళ్లతో పోసినట్టు గుంపులు గుంపులు.

"సూడండి" అంది గంగాలమ్మ గుసగుసగా, పసిపిల్ల నిద్రలేస్తుందన్నట్టు. "పులుసులో ఉడికిన సేప కన్నల్లే నేవూ?"

అచ్చం అలాగే ఉన్నాయి. ఉడికిన చేప కన్ను ఎంత తెల్లగా, ఎంత గుండ్రంగా ఉంటుందో అంత. ఇంకొకరెవరైనా ముత్యాలనేవారు. నేనూ ఆ మాటే అనబోయాను. ఆమె మాట విన్నాక ముత్యాలు వెలవెలబోయాయి.

ఇంకో వారం నిలబడితే కోతకు వస్తాయి. ఆ వారంలోనే రోహిణి కార్తె వచ్చింది. ఉక్క ఇష్టమేగానీ దానికీ ఒక హద్దుంది. రెండోరోజు మధ్యాహ్నం సూర్యకళ ఫోను చేసి వెంటనే రమ్మంది. వెళ్లేసరికి ఇంటి రేకులు టపటపమంటున్నాయి. వలల గదిలోకి తల పెడితే పెనం మూత తీసినట్టు సెగ. చివర సంచుల్లో పూసలు కొన్ని గోధుమరంగుకు తిరిగి ముడుచుకున్నాయి. కాశమ్మ కూడా వచ్చి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. గంగాలమ్మ నేలమీద వలల మీదే కూర్చుంది. ఏడవడం లేదు, తిట్టడం లేదు.

ఎల్లాజీ రేకుల వైపు చూశాడు, సంచుల వైపు చూశాడు. తల్లివైపు చూసి అన్నాడు. "అమా, సేప పాడైపోతంటే ఏటి సేత్తాం?"

"ఉప్పేత్తాం" అంది ఆమె, వినీ వినబడకుండా.

"ఉప్పేత్తాం ఎండేసినప్పుడు. బోటు మీదుంటే?"

ఆమె తలెత్తింది. వాడు అప్పటికే వీధిలో ఉన్నాడు.

అరగంటలో ఆటో వచ్చింది. వెనక సీట్లో మనుషుల బదులు గోనెపట్టాల కింద ఊకలో దొర్లించిన ఐసు బండలు. నిషేధంలో హార్బరు దగ్గర ఐసు కొనేవాడు లేడు, అడగ్గానే ఇచ్చారట. ఆ తరువాత అందరం ఏం చేశామో వరసగా చెప్పలేను. ఒకరు బండ పగలగొడుతున్నారు, ఒకరు చేపల పెట్టెల్లో నింపుతున్నారు. పెట్టెలు సంచుల కింద వరసగా పెట్టాం. ఎల్లాజీ వలలన్నీ నీళ్లలో ముంచి నాలుగు గోడలకూ తెరల్లా కట్టాడు. రేకుల మీదికి తడి గోనెలు విసిరారు. కాశమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని బిందెలందించింది. నా చేతిలో ఎవరో విసనకర్ర పెట్టారు. నేను విసురుతూనే ఉన్నాను. ఎవరికి విసురుతున్నానో తెలియదు. వలల్లోంచి వచ్చే గాలి కాసేపటికి చల్లబడింది. సముద్రం వాసన వేసింది.

"ముందు ఉప్పేసినావు, ఇప్పుడు ఐసేసినావు" అంది కాశమ్మ రొప్పుతూ. "ఇంక కారం, మసాలా ఏసీవే, గదిలోనే పులుసైపోతాది!"

గంగాలమ్మ ఐసుముక్క తీసి కాశమ్మ వీపు మీద రవికలో వేసింది. కాశమ్మ వేసిన కేకకు రేవులో పడుకున్న కుక్కలు లేచాయి.

ఆ వారమంతా ఐసు మోశారు. చివర సంచులు కొన్ని పోయాయి. మిగతావి నిలబడ్డాయి. నిలబడడమేమిటి, రోజు రోజుకూ లేచాయి. పూస చేతివేలంత అయింది, వేలు గరిటె కాడయింది, కాడ మీద తెల్లటి గొడుగు విచ్చుకుంది. పాలపొంగు గడ్డకట్టి నిలబడినట్టున్నాయి. కోయడానికి నన్ను రమ్మన్నారు. గంగాలమ్మ మొదటిదాన్ని పట్టుకుని మెలితిప్పి తీసింది. బరువు చూసుకుంది. వాసన చూసింది. దాన్ని సూర్యకళ చేతిలో పెట్టింది.

నిషేధం ముగియడానికి ఇంకా పదిహేను రోజులుండగా మా వీధి మొదట్లో కేక వినబడింది. పాత గొంతే, మాట కొత్తది.

"పాల కొక్కులమ్మో! గదిలో పండిన కొక్కులు!"

పిల్లులు గోడలు దిగి, తట్ట వాసన చూసి, అయోమయంగా మొహాలు చూసుకున్నాయి. తట్ట కొత్తది, పసుపు రాసి ఉంది. అది సూర్యకళ నెత్తిన ఉంది. గంగాలమ్మ ముందు నడుస్తూ కేక వేస్తోంది, గుమ్మం రాగానే ఆగి చెయ్యి చాపుతోంది. వాడుక ఇళ్లవాళ్లు బయటికి వచ్చారు. మొహం చాటేసినవాళ్లు తలుపుసందు పెద్దది చేశారు, ఆ తరువాత తలుపే తీశారు. "ఎలా వండాలి?" అని ఒకరు, "మీ ఇంట్లోనా? నిజంగా?" అని ఒకరు.

"సేపల పులుసల్లే సెయ్యండి. ఆవ ఎట్టండి. ముల్లుండదు, మీ అత్తగారికి బెంగ నేదు" అంటోంది గంగాలమ్మ, ఇటు ఒకరికి అటు ఒకరికి.

మేడ మీద కిటికీ తెరుచుకుంది. గౌరీశ్వరిగారు తల బయటపెట్టారు. పాతికేళ్లలో మొదటిసారి.

"ఏమిటమ్మా అది? నీసా?"

గంగాలమ్మ జవాబు చెప్పబోయింది. ఈలోగా సూర్యకళ తట్ట కొంచెం పైకెత్తి చూపించింది. "నీసు కాదమ్మగారూ. గడ్డిలో లేసింది. మా యత్త ఏసిన పంట. మట్టి కూడా ఆవిరెట్టి ఏసిందండి."

"తట్టలో చేపలు పెట్టలేదుగా?"

"కొత్త తట్టండి. వొచ్చి వాసన సూడండి. పిల్లులే ఎల్లిపోనాయి!"

గౌరీశ్వరిగారు పక్కున నవ్వారు. దిగివచ్చారు. పళ్లెం కూడా తెచ్చుకున్నారు. గంగాలమ్మ నా గేటు పట్టుకుని నిలబడి ఆ బేరమంతా చూసింది.

"మీ ఇల్లూ, ఈ వరసంతా దానికిచ్చేసినాను టీచరమ్మా" అంది నాతో మెల్లగా. "ఆ మేడిల్లు మాత్రం నేనివ్వలేదు. అదే సంపాదించీసింది."

ఆమె ఎండలో చెమటతో తడిసిపోయి ఉంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. కూర్చోమన్నాను, మజ్జిగ తెస్తానన్నాను. వంటింట్లో కుండ వంచి, ఉప్పు వేసి, కరివేపాకు నలిపి గ్లాసులో పోస్తుంటే పక్కవీధిలోంచి ఎవరో గట్టిగా పిలిచారు. "కొక్కులమ్మాయ్, ఇటు రా! ఇటు!" ఇంకో గొంతు, ఆ వెనక ఇంకోటి.

గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. అరుగు ఖాళీ. గౌరీశ్వరిగారు పళ్లెం చూసుకుంటూ మెట్లెక్కుతున్నారు. వెళ్లొస్తాననైనా అనకుండా గంగాలమ్మ అప్పటికే మలుపు తిరిగిపోయింది. కాశమ్మ ఆకుకూరలు వదిలి లేచి నిలబడి అటే చూస్తోంది. పక్కవీధిలోంచి కేక వినబడింది. ఈసారి వేసింది సూర్యకళ. ఆ వెంటనే ఇంకా గట్టిగా, ఆమె అత్త.